కార్యాలయం మీద జాతీయ జెండా: తరచుగా అడిగే ప్రశ్నలు

కలెక్టరేట్లు, తహసీల్దార్ కార్యాలయాలు, మునిసిపాలిటీలు, పంచాయతీల్లో జెండా బాధ్యత చూసే వారి కోసం ఈ పేజీ. జెండా ఎవరు ఎగరేశారన్నది పేపర్లో వస్తుంది. అంతకు ముందు దాన్ని సరిగ్గా కట్టింది మాత్రం ఆఫీసులో అటెండరో, వాచ్‌మనో. తప్పు జరిగితే మొదట మాట పడేదీ వారే. అందుకే కట్టే పని గురించి ఇక్కడ కాస్త ఎక్కువగానే రాశాం.

మా శాఖకో, కార్యాలయానికో సొంత జెండా ఉండొచ్చా?

ప్రభుత్వ భవనం మీద ఎగిరేది జాతీయ జెండా. అది దేశానిది, శాఖది కాదు. ఆంధ్రప్రదేశ్‌కు గానీ తెలంగాణకు గానీ అధికారిక రాష్ట్ర పతాకం లేదు, రాజముద్ర మాత్రమే ఉంది. ఆ ముద్ర లెటర్‌హెడ్ మీద, బోర్డు మీద ఉంటుంది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, పోలీసు దళాలకు వాటి పతాకాలు ఉన్నాయి, వాటి నియమాలు వేరు. శాఖ వారోత్సవాలప్పుడు శాఖ గుర్తున్న జెండా పెట్టాలనుకుంటే వేరే కర్రకు కట్టాలి, జాతీయ జెండా కన్నా కిందనే ఉంచాలి. ఒకే కర్రకు రెండు జెండాలు ఎప్పుడూ కట్టకూడదు.

రాష్ట్రపతికి, గవర్నర్లకు ఒకప్పుడు వేరే జెండాలు ఉండేవంటారు. నిజమేనా?

నిజమే, అందమైన జెండాలు కూడా. బ్రిటిష్ కాలంలో వైస్రాయ్ జెండా అంటే యూనియన్ జాక్ నడుమ స్టార్ ఆఫ్ ఇండియా గుర్తు, పైన కిరీటం. 1947 ఆగస్టు నుంచి 1950 జనవరి దాకా గవర్నర్ జనరల్‌కు ముదురు నీలం గుడ్డ మీద కిరీటం, సింహం, కింద బంగారు రంగులో ఇండియా అన్న అక్షరాలు ఉండేవి.

గణతంత్రం వచ్చిన రోజు, 1950 జనవరి 26న, రాష్ట్రపతికి కొత్త పతాకం వచ్చింది. నాలుగు గళ్లు: రెండు నీలం, రెండు ఎరుపు, ఎదురెదురు మూలల్లో ఒకే రంగు. కర్ర వైపు పై గడిలో సారనాథ్ సింహాల చిహ్నం, ఐక్యతకు గుర్తు. దాని పక్కన అజంతా గుహల్లోని ఏనుగు, ఓర్పుకూ బలానికీ. కింద ఎర్రకోటలోని త్రాసు, న్యాయానికి. చివరి గడిలో సారనాథ్‌లో దొరికిన తామరల పూర్ణకుంభం, సమృద్ధికి. గవర్నర్లకు కాషాయ గుడ్డ మీద సింహాల చిహ్నం, దాని కింద రాష్ట్రం పేరు ఉండేవి.

1971 ఆగస్టు 15న వీటన్నిటినీ పక్కన పెట్టారు. అప్పుడు రాష్ట్రపతి వి.వి. గిరి. ఆ రోజు నుంచి రాష్ట్రపతి భవన్ మీదా, గవర్నర్ల నివాసాల మీదా ఎగిరేది మీ ఆఫీసు మీద ఎగిరే మూడు రంగుల జెండాయే. ఆ నిర్ణయం చాలా గొప్పదని మా అభిప్రాయం. పదవి మారినా జెండా మాత్రం మారదు.

ఇప్పుడున్న జెండా పింగళి వెంకయ్య గారు తయారు చేసిందేనా?

పునాది ఆయనదే. ఇప్పుడున్న రూపం మాత్రం మూడు మెట్లలో వచ్చింది. ఈ సంగతి సరిగ్గా చెబితే ఆయన గౌరవం తగ్గదు, పెరుగుతుంది.

మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన వెంకయ్య గారు 1916లోనే ముప్పై నమూనాలతో జాతీయ పతాకం మీద ఇంగ్లిషులో పుస్తకం వేశారు. 1921లో మార్చి ఆఖరున, ఏప్రిల్ మొదట్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా నమూనాను గాంధీజీకి ఇచ్చారు. మధ్యలో రాట్నం ఉండాలన్నది జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్ సూచన. తక్కిన వర్గాల వారికోసం తెలుపు చేర్చమన్నది గాంధీజీ. ఆ తర్వాత వాడుకలోకి వచ్చిన జెండాలో తెలుపు పైన, ఆకుపచ్చ నడుమ, ఎరుపు కింద ఉండేవి, మూడింటి మీదా రాట్నం పరచుకొని ఉండేది.

ఆ రంగులకు మతాల పేరుతో అర్థం చెప్పడం మీద పేచీలు వచ్చాయి. 1931లో ఏడుగురితో ఒక సంఘం వేశారు. దాని కన్వీనర్ కూడా బందరు వారే, పట్టాభి సీతారామయ్య గారు. జెండా మొత్తం కాషాయం, పై మూలన రాట్నం అని ఆ సంఘం సిఫారసు చేసింది. కాంగ్రెస్ కమిటీ ఒప్పుకోలేదు. ఆగస్టులో బొంబాయిలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, తెలుపు మీద నీలం రాట్నం ఖాయం చేసి, రంగులకు మత సంబంధమైన అర్థం లేదని తీర్మానంలోనే రాశారు. మూడో మెట్టు 1947 జూలై 22. ఆ రోజు రాజ్యాంగ సభలో నెహ్రూ తీర్మానం పెట్టారు, రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది.

రాట్నం తీసేసి చక్రం ఎందుకు పెట్టారు?

కారణాల్లో ఒకటి పూర్తిగా గీతకు సంబంధించినది. రాట్నానికి ఒక వైపు చక్రం, మరో వైపు కదురు ఉంటాయి. గుడ్డ మీద దాన్ని అచ్చు వేస్తే ముందు నుంచి ఒకలా, వెనుక నుంచి తిరగబడి మరోలా కనిపిస్తుంది. జెండా రెండు వైపులా ఒకేలా ఉండాలి కదా. రాట్నంలోని చక్రాన్ని మాత్రం ఉంచితే ఆ చిక్కు తీరిపోతుందని నెహ్రూ సభలో వివరించారు. ఆ చక్రానికి నమూనాగా సారనాథ్ స్తంభం మీద సింహాల కింద ఉన్న పలకలోని చక్రాన్ని తీసుకున్నారు. అదే రోజు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అర్థాలు చెప్పారు: కాషాయం త్యాగానికి, తెలుపు సత్యమార్గానికి, ఆకుపచ్చ నేలతో పచ్చదనంతో మన బంధానికి, చక్రం ధర్మానికీ చలనానికీ గుర్తులు.

తెలంగాణ ఆఫీసుల మీద మొదటి నుంచీ ఈ జెండాయేనా?

కాదు. 1948 సెప్టెంబరు 17న నిజాం సైన్యం లొంగిపోయే దాకా హైదరాబాద్ సంస్థానం కార్యాలయాల మీద పసుపు రంగు ఆసఫ్‌జాహీ జెండా ఎగిరేది. త్రివర్ణం ఎత్తినవాళ్లు జైళ్లకు వెళ్లారు.

జెండా కొలతలు ఏమిటి?

పొడవు మూడు పాళ్లు, వెడల్పు రెండు పాళ్లు. అందరూ గుర్తుపెట్టుకునే లెక్క ఇది. చక్రం వ్యాసం మాత్రం చాలామంది వదిలేస్తారు. ప్రామాణిక పరిమాణాలు తొమ్మిది, అన్నీ మిల్లీమీటర్లలో:

6300 × 4200, చక్రం 1295
3600 × 2400, చక్రం 740
2700 × 1800, చక్రం 555
1800 × 1200, చక్రం 370
1350 × 900, చక్రం 280
900 × 600, చక్రం 185
450 × 300, చక్రం 90
225 × 150, చక్రం 40
150 × 100, చక్రం 25

చివరి మూడూ భవనాలకు పనికిరావు: 450 × 300 ప్రముఖుల విమానాలకు, 225 × 150 కార్లకు, 150 × 100 బల్లల మీదకు. మూడు పట్టీలూ సమానం. 900 × 600 జెండాలో ఒక్కో పట్టీ 200 మి.మీ., చక్రం 185. అంటే పైనా కిందా ఏడున్నర మిల్లీమీటర్లు తెలుపు మిగలాలి. చక్రం కాషాయానికో ఆకుపచ్చకో తగులుతున్నా, తెలుపు నడుమ చిన్న బొట్టులా ఉన్నా ఆ జెండా కొలత ప్రకారం కుట్టింది కాదు.

ఈ కొలతలన్నీ ఐ.ఎస్. 1 అనే ప్రమాణంలో ఉన్నాయి. స్వతంత్ర భారతంలో ప్రమాణాల సంస్థ అంకె వేసిన మొట్టమొదటి ప్రమాణం జెండాది. 1951లో వచ్చింది, తర్వాత మెట్రిక్ కొలతల్లోకి మార్చారు.

మా స్తంభానికి ఏ సైజు సరిపోతుంది?

పదిహేను, ఇరవై అడుగుల స్తంభానికి 900 × 600 నుంచి 1350 × 900 దాకా బాగుంటుంది. పాతిక, ముప్పై అడుగులకు 1800 × 1200. అంతకన్నా పెద్దది కడితే గాలి లేనప్పుడు జెండా స్తంభానికి చుట్టుకొని వేలాడుతుంది, గాలి ఉన్నప్పుడు సన్నని గొట్టం ఊగిపోతుంది. ఎండాకాలం ఈదురుగాలులకు మొదట తెగేది కుట్టు కాదు, పైనున్న గిలక బోల్టు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

మొదట ఐ.ఎస్.ఐ. గుర్తు. 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన పతాక నియమావళి ప్రకారం అధికారికంగా ఎగరేసే జెండా ప్రమాణాల సంస్థ గుర్తు ఉన్నదే అయి ఉండాలి. ఇంటి మీద కట్టుకునేవారికి ఈ నిబంధన లేదు, ఆఫీసుకు ఉంది. కర్ణాటకలో హుబ్బళ్లి దగ్గర బెంగేరి ఖాదీ సంఘం ఇందుకు పేరున్న కేంద్రం. ఖాదీ భండార్లలో ఆ గుర్తున్న జెండాలు అడిగి తీసుకోవచ్చు. ఆగస్టుకు పది రోజుల ముందు వెళితే కావలసిన సైజు ఉండదు, జూన్‌లోనే తెచ్చుకోవడం మేలు.

తర్వాత జెండాను వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూడండి. చక్రం రెండు వైపులా పడిందా? రెండు అచ్చులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయా? ఒక వైపు అచ్చు రెండు మి.మీ. జరిగినా ఎండలో చక్రం ఆకులు, అంటే నడుమ నుంచి అంచుకు పోయే గీతలు, జోడుగా, మసకగా కనిపిస్తాయి. ఆకులు లెక్కపెట్టండి, 24 ఉండాలి. చవక జెండాల్లో 20, 22 ఉన్నవీ వస్తుంటాయి. ఒక ఆకు నిట్టనిలువుగా పైకి చూస్తుండాలి. చక్రం రంగు ముదురు నీలం, నలుపు కాదు.

కర్ర వైపు అంచున గుడ్డ గొట్టంలా కుట్టి, అందులోంచి తాడు పోనిచ్చి ఉంటుంది. ఆ తాడు ఒక చివర చిన్న చెక్క గుబ్బ ఉంటుంది. ఆ కుట్టు గట్టిగా ఉందో లేదో లాగి చూడండి. తడి తెల్లగుడ్డతో కాషాయాన్ని ఒక మూల రుద్దండి. రంగు అంటితే తొలి వానకే తెలుపు పట్టీ గులాబీ అవుతుంది.

పాలిస్టర్ జెండా కట్టొచ్చా? పోస్టాఫీసులో కొన్నది సరిపోతుందా?

2021 డిసెంబరు 30 సవరణతో పాలిస్టర్‌కూ, మిషన్‌పై నేసిన గుడ్డకూ అనుమతి వచ్చింది. అంతకు ముందు చేత్తో వడికి నేసిన నూలు, ఉన్ని, పట్టు ఖాదీ మాత్రమే. అయితే పైన చెప్పిన గుర్తు నిబంధన ఆఫీసులకు అలాగే ఉంది. 2022లో పోస్టాఫీసుల్లో పాతిక రూపాయలకు అమ్మిన జెండా 30 × 20 అంగుళాలది. పాళ్లు సరైనవే, తొమ్మిది ప్రామాణిక సైజుల్లో మాత్రం అది లేదు. ఇంటికి కట్టుకోండి, ఆఫీసు స్తంభానికి వద్దు.

చక్రానికి 24 ఆకులు కొలిచి ఎలా గీయాలి?

బడిలో చార్టు మీద గానీ, ప్రదర్శనకు బొమ్మగా గానీ గీసేవారు కోణమానిని లేకుండానే గీయొచ్చు. వృత్తం గీశాక వృత్తలేఖినిని కదపకుండా అదే కొలతతో అంచు మీద గుర్తులు పెట్టుకుంటూ రండి. సరిగ్గా ఆరు గుర్తులు పడతాయి. మొదటి గుర్తు నిట్టనిలువుగా పైన ఉండాలి. ప్రతి రెండు గుర్తుల నడుమ సగం చేస్తే 12, మళ్లీ సగం చేస్తే 24. రెండు ఆకుల మధ్య 15 డిగ్రీలు. ఆకులు నడుమ కాస్త లావుగా, చివరల సన్నగా ఉంటాయి. ఆకుకూ ఆకుకూ మధ్య లోపలి అంచున చిన్న బొడిపెలు కూడా 24 ఉంటాయి. వీటిని దాదాపు అందరూ మర్చిపోతారు. ఎదురెదురు గుర్తులను కలిపే గీతలన్నీ కేంద్రం గుండా పోవాలి. ఒక్కటి పక్కకు పోయినా మొదటి ఆరు గుర్తుల్లోనే తేడా వచ్చిందని అర్థం, చెరిపేసి అక్కడి నుంచి మొదలుపెట్టండి.

రాత్రి కూడా జెండా ఉంచొచ్చా? 2022లో అనుమతి ఇచ్చారు కదా?

ఇక్కడే చాలా ఆఫీసులు పొరబడుతున్నాయి. 2022 జూలై సవరణ పౌరుల ఇళ్ల మీదా, ఆరుబయటా ఎగరేసే జెండాలకు సంబంధించిన భాగంలో వచ్చింది. ప్రభుత్వ భవనాలకున్న భాగంలో పాత మాటే ఉంది: ఆదివారాలు, సెలవులతో సహా అన్ని రోజులూ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా, ఎండైనా వానైనా. రాత్రి ఉంచడం చాలా ప్రత్యేక సందర్భాల్లోనే.

అంటే రోజూ జెండా ఎగిరే కార్యాలయంలో ఆదివారం ఉదయం కూడా ఒక మనిషి రావాలి. ఈ డ్యూటీ కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటగా వదిలేసిన చోటే శనివారం ఎక్కిన జెండా సోమవారం దాకా దిగదు. రోజూ ఎగరేసేది ముఖ్య భవనాల మీదే: హైకోర్టులు, సచివాలయాలు, కలెక్టరేట్లు, జైళ్లు, జిల్లా పరిషత్తులు, మునిసిపాలిటీలు వంటివి. తక్కినవారు జాతీయ పండుగలకు కడతారు.

మరి వంద అడుగులు దాటిన పెద్ద స్తంభాల మీద రాత్రి కూడా ఉంటోంది కదా?

ఉంటోంది. 2009 డిసెంబరులో కేంద్ర హోం శాఖ షరతులతో ఒప్పుకుంది: స్తంభం వంద అడుగులకు తగ్గకూడదు, రాత్రంతా జెండా మీద సరిపడా వెలుతురు పడాలి, కరెంటు పోతే వెంటనే అందుకునే ఏర్పాటు ఉండాలి, చిరిగితే వెంటనే మార్చాలి. ఆఖరి షరతే కష్టం. 2016 జూన్ 2న హైదరాబాద్ సంజీవయ్య పార్కులో 291 అడుగుల స్తంభం మీద 108 × 72 అడుగుల జెండా ఎక్కించారు. హుస్సేన్‌సాగర్ గాలికి ఆ జెండా పలుమార్లు చిరిగింది, మార్చాల్సి వచ్చింది. మీ ఊళ్లో పెద్ద స్తంభం వేయాలని ఎవరైనా విరాళం ఇస్తామంటే, ఏడాదికి సరిపడా జెండాల ఖర్చు, మార్చే మనుషుల ఖర్చు కూడా లెక్కలో వేయమనండి.

ఆగస్టు 15కూ జనవరి 26కూ ఎగరేయడంలో తేడా ఏమిటి?

ఆగస్టు 15న జెండా స్తంభం అడుగున ఉంటుంది, తాడు లాగుతూ పైకి ఎక్కిస్తారు. జనవరి 26న ముందే పైకి చేర్చి, మడతలో కట్టి ఉంచి, తాడు లాగి విప్పుతారు. మొదటిది ఎగరేయడం, రెండోది ఆవిష్కరణ. ఢిల్లీలో మొదటిది ప్రధాని ఎర్రకోట మీద, రెండోది రాష్ట్రపతి కర్తవ్యపథ్‌లో చేస్తారు. మన ఆఫీసుల్లో రెండు రోజులూ పైన కట్టి విప్పడమే అలవాటైంది. పద్ధతి తెలిసినవారు ఆగస్టు 15న కింది నుంచి ఎక్కించడం మంచిది, పైగా అందులో ముడి ఇరుక్కునే భయం ఉండదు. ఎక్కించేటప్పుడు జెండా వేగంగా ఎక్కాలి. దించేటప్పుడు మాత్రం నిదానంగా, గౌరవంగా.

పైన కట్టి విప్పేలా జెండాను ఎలా సిద్ధం చేయాలి?

ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టండి. తాడు స్తంభం ఎత్తుకు రెండింతలు, పైన ఓ ఐదడుగులు ఉండాలి. ఇరవై అడుగుల స్తంభానికి 45 అడుగులు. మందం ఆరు నుంచి ఎనిమిది మి.మీ. మరీ సన్నని నైలాన్ తాడు గిలక చక్రానికీ పక్క రేకుకూ మధ్య దూరి ఇరుక్కుంటుంది. నూలు తాడు తడిస్తే ఉబ్బి ముడులు బిగుస్తాయి. జెండా లేకుండా తాడును పది సార్లు కిందికీ మీదికీ లాగండి. కిర్రుమంటే గిలకకు రెండు చుక్కల నూనె వేయండి, ఎక్కువైతే కారి తాడుకూ, తాడు నుంచి జెండాకూ అంటుతుంది.

జెండాను శుభ్రమైన బల్ల మీద పూర్తిగా పరవండి. కాషాయం వైపున్న కొసను పైకి పోయే తాడుకు, ఆకుపచ్చ వైపున్న కొసను కిందికి లాగే తాడుకు కట్టండి. చెక్క గుబ్బ సాధారణంగా పై వైపే ఉంటుంది, అయినా గుబ్బను నమ్మకండి, రంగును చూసి కట్టండి. ఇప్పుడొకసారి అలాగే మూడడుగులు పైకి ఎత్తి, కాషాయం పైన ఉందని ఇద్దరు చూడాలి.

తర్వాతే మడత. వెడల్పులో రెండు మడతలు వేసి, ఎగిరే అంచు నుంచి కర్ర అంచు వైపు వదులుగా చుట్టండి. ఆఖరి చుట్టుకు ముందు గుప్పెడు పూరేకులు వేయొచ్చు, నియమావళి ఒప్పుకుంటుంది. బంతిపూల రెక్కలు పొడిగా ఉండాలి. తడి గులాబీ రెక్కలు గుడ్డకు అతుక్కొని మరకలు చేస్తాయి. కాయితపు ముక్కలు, కుంకుమ వేయకండి. చుట్టిన జెండా చుట్టూ కిందికి లాగే తాడును ఒకసారి తిప్పి, దాని లోంచి మరో మెలికను మాత్రమే దూర్చి జారుముడి వేయండి. మెలిక బొటనవేలు పట్టేంత ఉంటే చాలు. కొస మొత్తాన్ని లోపలికి తీశారంటే అది జారుముడి కాదు, గట్టి ముడి, ఎంత లాగినా బిగుస్తూనే ఉంటుంది. ఒక్క లాగుకు విచ్చుకోవాలి. కనీసం రెండు సార్లు పైకి పంపి విప్పి చూసి, మళ్లీ కట్టి ఉంచండి. విప్పాల్సిన తాడుకు చిన్న తెల్ల దారం గుర్తు కడితే అతిథి పొరపాటున రెండో తాడు లాగరు.

జెండా విచ్చుకున్నాక తాడును స్తంభానికున్న కొక్కేనికి 8 అంకె ఆకారంలో మూడు నాలుగు చుట్లు చుట్టండి. ఇది మర్చిపోతే జాతీయ గీతం పాడే 52 సెకన్లలోనే జెండా మెల్లగా కిందికి జారుతుంది.

జెండా తలకిందులుగా ఎందుకు ఎగురుతుంది? అప్పుడేం చేయాలి?

దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే: మడత పెట్టేసిన జెండాను తెచ్చి తాడుకు కడతారు. చుట్టలో రంగులు కనిపించవు. పరిచి, కట్టి, తర్వాతే చుట్టండి. ఈ వరస పాటిస్తే పొరపాటుకు తావుండదు.

జరిగిపోతే గీతం మొదలుకాకముందే నిదానంగా దించి, కొసలు మార్చి కట్టి, మళ్లీ ఎక్కించండి. దించుతూ నేలకు తగలనివ్వకండి, ఇద్దరు చేతులు చాచి అందుకోవాలి. ముడి విడకపోతే ఇంకా గట్టిగా లాగకండి. తాడును వదులు చేసి, రెండు మూడు సార్లు మెల్లగా కుదపండి. అప్పటికీ రాకపోతే దించి చేత్తో విప్పి ఎగరేయండి. స్తంభం మీదికి మనిషిని ఎక్కించకండి. కరెంటు తీగల పక్కనున్న ఇనుప స్తంభాల దగ్గర ఆ తొందరలో ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. ఒక్క నిమిషం ఆలస్యమైతే జెండాకు అవమానం కాదు.

సంతాప దినాల్లో జెండా సగానికి ఎలా దించాలి?

నేరుగా సగంలో ఆపకూడదు. ముందు కొస దాకా ఎక్కించి, ఒక క్షణం ఉంచి, అప్పుడు సగానికి దించాలి. సాయంత్రం దించే ముందు కూడా మళ్లీ కొస దాకా ఎత్తి, తర్వాత పూర్తిగా దించాలి. సగం అంటే స్తంభానికి పక్క నుంచి లాగి కట్టిన తాళ్లు ఉంటే ఆ తాళ్లు కట్టిన చోటికీ కొసకూ మధ్య సగం. అవి లేకపోతే స్తంభం ఎత్తులో సగం. తాడు మీద ఆ కొలతకు ముందే గుర్తు పెట్టుకుంటే ఏ ఊళ్లోనైనా ఒకేలా ఉంటుంది.

రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధాని మరణిస్తే దేశమంతా. గవర్నర్, ముఖ్యమంత్రి అయితే ఆ రాష్ట్రమంతా. మిగతా పదవులకు వేరువేరు పరిధులు ఉన్నాయి, ఆదేశం వచ్చే దాకా ఆగండి. అభిమానం కొద్దీ ఎవరికి వారు సగానికి దించడం చట్టం ప్రకారం తప్పు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2, ఏప్రిల్ 6 నుంచి 13 దాకా జాతీయ వారం ఈ మధ్యలో వస్తే, పార్థివదేహం ఉన్న భవనం మీద తప్ప తక్కిన చోట్ల జెండా పూర్తి ఎత్తులోనే ఎగరాలి.

మీటింగ్ హాల్లో గోడకు ఎలా కట్టాలి?

వేదిక మీద వక్త వెనుక, ఆయన తల కన్నా ఎత్తున. అడ్డంగా కడితే కాషాయం పైన. నిలువుగా కడితే కాషాయం చూసేవారి ఎడమ చేతి వైపు ఉండాలి. బల్ల మీద గుడ్డలా పరవడం, శిలాఫలకానికో విగ్రహానికో ముసుగు వేయడం కుదరదు. జెండా మీద ఏ అక్షరాలూ రాయకూడదు, ఆఫీసు పేరు స్టాంపు కూడా వేయకూడదు. స్టోరు నంబరు రాయాలంటే జెండాను పెట్టే సంచి మీద రాయండి.

కలెక్టర్ గారి కారుకు జెండా పెట్టొచ్చా?

పెట్టకూడదు. కారు జెండా హక్కు రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్లు, ప్రధాని, కేంద్ర రాష్ట్ర మంత్రులు, సభాపతులు, సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తులు, విదేశాల్లో మన రాయబారులు వంటి వారికే. కలెక్టర్లు, ఎస్పీలు, జిల్లా పరిషత్ అధ్యక్షులు, మేయర్లు, ఎమ్మెల్యేలు ఆ జాబితాలో లేరు. జెండా కర్రను బానెట్ నడుమ ముందు భాగంలో గానీ, కారు ముందు కుడి వైపు గానీ గట్టిగా బిగించాలి. విదేశీ అతిథి మన ప్రభుత్వ కారులో వెళితే మన జెండా కుడి వైపు, వారిది ఎడమ వైపు.

దించాక ఎలా మడవాలి, ఎక్కడ పెట్టాలి?

అడ్డంగా పట్టుకొని కాషాయాన్నీ ఆకుపచ్చనూ తెలుపు కిందికి మడవండి, వాటి అంచులు కాస్త కనిపించాలి. తర్వాత రెండు పక్కల నుంచి నడుమకు మడిస్తే పైన చక్రం ఉంటుంది. రెండు అరచేతుల మీద పెట్టుకొని తీసుకెళ్లాలి. తడిసి ఉంటే నీడలో ఆరాకే మడత. తడి జెండాను బీరువాలో పెడితే రెండు రోజుల్లో తెలుపు మీద నల్లచుక్కలు వస్తాయి, అవి ఇక పోవు. బందరు, కాకినాడ, భీమిలి వంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి కుట్లు త్వరగా పాడవుతాయి. నెలకోసారి మంచినీళ్లలో విడిగా, రుద్దకుండా జాడించండి.

అనుకోకుండా జెండా నేలకు తగిలింది. కేసు అవుతుందా?

జాతీయ గౌరవానికి అవమానాల నిరోధక చట్టం, 1971 ప్రకారం మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయితే నేలకు తాకించడం, కాషాయం కిందికి వచ్చేలా కట్టడం వంటివాటి దగ్గర చట్టంలో 'కావాలని' అన్న మాట ఉంది. చేయి జారినవాడు దోషి కాడు. ఎగరేసే హక్కు కూడా ఒకప్పుడు ప్రభుత్వానిదే అనుకునేవారు. గౌరవంగా జెండా ఎగరేయడం పౌరుల ప్రాథమిక హక్కు అని 2004 జనవరి 23న నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కింది ఉద్యోగిని అందరి ముందు తిట్టే బదులు, కట్టే పద్ధతి నేర్పి, రెండు సార్లు కట్టించి చూడడం అధికారుల పని.

చిరిగిన జెండాను ఏం చేయాలి?

ఎగిరే అంచున కుట్టు ఊడటం మొదలైన రోజే దించేయండి. అంచు కత్తిరించి మళ్లీ కుడితే పాళ్లు పోతాయి, ఆ జెండా ఇక అధికారికంగా పనికిరాదు. తుడుపు గుడ్డగా వాడకూడదు, చెత్తలో వేయకూడదు, ముక్కలు చేయకూడదు. ఆఫీసు వెనుక శుభ్రమైన చోట, జనం గుమిగూడకుండా, ఇద్దరు ముగ్గురి సమక్షంలో జెండాను మొత్తంగా కాల్చాలి. ఖాదీ అయితే మడిచి, ఇనుప పళ్లెంలో పొడి కట్టెల మీద ఉంచితే పూర్తిగా బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి ముద్దలా మిగులుతుంది, పొగ కూడా ఘాటుగా ఉంటుంది. దాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి తొక్కుడు పడని చోట లోతుగా పాతిపెట్టడం మేలు. స్టాకు రిజిస్టరులో తేదీ, సైజు, ఇద్దరి సంతకాలు రాసి, కొత్త జెండా మొదటిసారి ఎక్కించిన తేదీ పక్కనే వేయండి.